రాజులమ్మ చేతికింది డాక్టర్లు

పనసగెడ్డ ఆరోగ్య కేంద్రానికి కొత్త డాక్టరు వస్తే జనం ఆయన మొహం చూసేవారు. నర్సు రాజులమ్మ చేతులు చూసేది. ముప్పై నాలుగేళ్ల కొలువులో పదకొండు మంది డాక్టర్ల చేతులు చూసింది. అన్నీ మెత్తగా, గోళ్లు శుభ్రంగా కత్తిరించి, ఏ పాపమూ ఎరగనట్టు ఉండేవి. ఏ పనీ ఎరగవని వారం తిరిగేసరికి ఆమెకు తెలిసిపోయేది.

"అప్పుడే పుట్టిన గుంట సేతులు ఈటికంటే నయం. ఏలు పెడితే పట్టుకుంటాయి," అనేది, డాక్టరు వినేలాగే.

రాజులమ్మ పెదబయలు పైన కొండమీద పుట్టిన మనిషి. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివి, విశాఖపట్నంలో నర్సు శిక్షణ ముగించుకుని వచ్చేనాటికి పనసగెడ్డకు రోడ్డు లేదు. గెడ్డ పొంగిన రోజుల్లో ఇవతలి గట్టున నిలబడి, అవతలి గట్టున నొప్పులు పడుతున్న మనిషికి ఊపిరి ఎలా తీసుకోవాలో కేకలేసి చెప్పిన సందర్భాలున్నాయి. మనిషి పొట్టి. గొంతు మాత్రం కొండకీ కొండకీ మధ్య సరిపోయేంత. ఎవర్నీ మెచ్చుకోదు. తాను మెచ్చుకోదగిన పని ఎవరైనా చేస్తే, ఆ పని చేసినందుకు కూడా వాళ్ల మీద కాస్త కోపంగానే ఉంటుంది.

ఆ కొండల్లో ఆడవాళ్లు వెల్లకిలా పడుకుని కనరు. దూలానికి కట్టిన గుడ్డ పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని కంటారు. సర్కారు ఇచ్చింది ఇనుప బల్ల. దాని మీద ఎక్కి పడుకోమంటే, పరాయివాళ్ల ముందు తమను పీట మీద వడ్డించినట్టుందని వాళ్లు సగం నొప్పుల్లోనే ఇంటికి లేచిపోయేవారు. రాజులమ్మ బల్ల పక్కన నేలమీద ఒక పరుపు వేయించింది. కిటికీ పైకొక్కేనికి తాడు కట్టించింది. తనిఖీకి వచ్చిన అధికారులు ఆ తాడు ఏమిటని అడిగితే సెలైన్ సీసా తగిలించడానికనేది. వాళ్లు తలూపి రాసుకునేవారు. సీసా అంత కిందకి ఎందుకు వేలాడాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

డాక్టర్లు పనసగెడ్డ ఎందుకు వచ్చేవారో ఆమెకు బాగా తెలుసు. ఏజెన్సీలో కొన్నేళ్లు పనిచేస్తే పై చదువు సీట్లలో వాటా ఉంటుంది. అదీ సంగతి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను లోకం చూసింది గానీ, వీళ్లు తెప్ప ఎక్కేనాడే అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ఎక్కేవారు. సంతలో పిప్పళ్లు తూచినట్టు బ్రాంచీలు తూచేవారు. ఎముకల డాక్టరుకి మంచి బేరం, పిల్లల డాక్టరుకి నిద్ర ఉండదు, కాన్పుల డాక్టరుకి నిద్రా ఉండదు, మర్యాదా ఉండదు, చర్మమైతే ఎవరూ చావరు, స్కానింగు అయితే రోగి మొహం కూడా చూడక్కర్లేదు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి బల్లమీద ఉండగానే ఈ తూకం ఫోన్లో సాగేది.

పదకొండోవాడు ఫణీంద్ర. అనకాపల్లిలో బెల్లం వర్తకుడి కొడుకు. వచ్చినప్పటినుంచీ పరీక్షకు చదువుతూనే ఉన్నాడు. రెండుసార్లు రాశాడు, కోరుకున్న బ్రాంచి అందలేదు, మూడోసారి చదువుతున్నాడు. అతనికి రోగి అంటే ఒక ప్రశ్న. నాలుగు వరుసల ప్రశ్న, చివర్లో ఒక గుర్తు, కింద నాలుగు జవాబులు. గుర్తు దొరికితే వెలిగిపోతాడు. దొరక్కపోతే రోగి మీద విసుక్కుంటాడు, తప్పు అచ్చేసినవాడి మీద విసుక్కున్నట్టు. సికిల్ సెల్ జబ్బులో రక్తంలో ఏ గొలుసులో ఎన్నో పూస మారుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ జబ్బే ఒంట్లో పెట్టుకుని పదేళ్ల గుంటడు వచ్చి "ఎముకలు కొరుకుతన్నాయి" అని ఏడిస్తే, కీళ్లనొప్పుల మాత్ర రాసి పంపాడు. ఎముకలు కొరకడం పుస్తకంలో లేదు. రాజులమ్మ వరండాలోనే పిల్లవాడి కళ్లు చూసి, వెనక్కి పిలిచి, సెలైన్ పెట్టి, రక్తపరీక్షకు పంపించింది.

ఆపద ఏదైనా అతనికి ఒకటే మందు, పాడేరు పెద్దాసుపత్రికి పంపడం. పంపే చీటీలు రోజూ రాయడం విసుగని, ఒకేసారి పాతిక చీటీల మీద ముందే సంతకాలు పెట్టి సొరుగులో ఉంచాడు. పేరు, జబ్బు నర్సు రాసుకోవాలి. అప్పట్నుంచి రాజులమ్మ అతన్ని పోస్టుమేన్ బాబు అంది. ఆ పేరు నెల తిరక్కుండా ఎగువ గూడేల దాకా పోయింది. అతను చేరిన మొదటి నెలలో ఒకసారి, కాన్పు జరుగుతుంటే పురిటి గది గుమ్మంలోకి వచ్చి, తానూ ఉండి చూడొచ్చా అని అడిగాడు. "ఐదున్నరేళ్లు ఏటి సూసినారు బాబు, సినిమాలా?" అంది రాజులమ్మ. లోపల ఉన్న ఆడవాళ్లు నొప్పుల్లో కూడా నవ్వారు. అతను మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇంత తేలిగ్గా పదకొండు మందిని తీసిపారేయడానికి ఆమెకు ఒక ఆధారం ఉంది. పన్నెండో డాక్టరు ఆమె ఇంట్లో తయారవుతోంది. కూతురు వెన్నెల. ఆ లోయలో ఆ వైపు గూడేలన్నిటికీ మొదటి ఎంబీబీఎస్. తండ్రి యర్రయ్య కాఫీ తోటలో పళ్లు కోస్తూ, కూతురు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే, "వాళ్లమ్మనడగండి, నాకు నోరు తిరగదు," అనేవాడు. రాజులమ్మకు మాత్రం తిరిగేది. వెన్నెల హౌస్ సర్జన్ చేసింది, పీజీ పరీక్ష రాసింది, ర్యాంకు వచ్చింది. కాన్పుల డాక్టరు చదువుతుంది, మూడేళ్లకి పనసగెడ్డ వస్తుంది. వచ్చే నెలాఖరుకి రాజులమ్మకు పదవీ విరమణ. తర్వాత ఈ పురిటి గది ఎవరిదన్న ప్రశ్న ఆమెకు ఎన్నడూ లేదు. ఆ మూడేళ్లూ జీతం లేకపోయినా తానే వచ్చి చేస్తానంది. ఇంకెవరి చెయ్యీ పడనివ్వదు. పడితే ఏమవుతుంది? పోస్టుమేన్ బాబు చీటీలు, అంబులెన్సు, పాడేరు దారిలో మలుపులు. ఆ మలుపుల్లో పుట్టినవాళ్లూ, పుట్టకుండా పోయినవాళ్లూ ఎందరో ఆమెకు తెలుసు.

రెండో నర్సు ఒకతె ఉంది, బేబి. ముప్పై ఏళ్ల వయసు, కాంట్రాక్టు కొలువు. ఆరేళ్లుగా గది కడగడం, రక్తం సీసాలు మోయడం, ఫారాలు నింపడం, టార్చి పట్టుకోవడం ఆమె పని. డాక్టరు ముందు రాజులమ్మను మేడం అనేది, ఎవరూ లేనప్పుడు పెద్దమ్మా అనేది. రెండింటికీ రాజులమ్మ ఒకేలా పలికేది, అంటే పలికేది కాదు.

వెన్నెల నవంబరులో బుధవారం నాడు ఇంటికొచ్చింది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో కంప్యూటర్లో వరుసగా పెట్టుకునే గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకి ముగుస్తుంది. ఊళ్లో సిగ్నల్ అందేది ఆసుపత్రిలోనే కాబట్టి గురువారం పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని టీకాల గదిలో కూర్చుంది. రాజులమ్మ పావుగంటకోసారి తొంగి చూసి, "పెట్టినావా గైనిక్?" అనేది. వెన్నెల పెడుతున్నా అనేది. తెర మీద మొదటి వరుస ఖాళీగా ఉంది.

ఆ రోజు సంత. పదకొండు గంటలకి సుక్రు అనే అతను భార్య కనకను నడిపించుకుంటూ వచ్చాడు. రాజ్‌మా గింజలు అమ్ముకోవడానికి ఎగువ గూడెం నుంచి ఏడు కిలోమీటర్లు దిగి వచ్చారు. బేరం మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. రెండో కాన్పు. పెద్ద కడుపు. ఫణీంద్ర తలుపు వేసుకుని మూడున్నర గంటల మాదిరి పరీక్ష రాస్తున్నాడు. బేబి తలుపు తట్టి చెబితే, చీటీలు సొరుగులో ఉన్నాయని లోపల్నుంచి సమాధానం వచ్చింది.

వరండా నిండా సంత జనం. రాజులమ్మకు అంతకు మించిన రోజు దొరకదు. టీకాల గదిలోకి వెళ్లి కూతుర్ని చెయ్యి పట్టుకుని లేపింది. బయటికొచ్చి అందరూ వినేలా చెప్పింది.

"ఇయ్యాల నాను కాదు. నా కూతురు డాక్టరమ్మ పురుడు పోస్తాది."

కనక అలవాటు ప్రకారం నేలమీది పరుపు కేసి నడిచింది. రాజులమ్మ ఆపి బల్ల ఎక్కించింది. పెద్ద కాలేజీలో చదివిన పిల్ల, నేలమీద కూర్చుని ఏం చేస్తుంది, బల్లయితేనే దానికి అలవాటు అనుకుంది. ముప్పై నాలుగేళ్లలో తానే పెట్టిన పద్ధతి తానే తప్పడం అదే మొదలు. వెన్నెల గ్లవుజులు తొడుక్కుంది. బేబి టార్చి పట్టుకుంది.

గంటకి తల బయటికొచ్చింది. వచ్చినట్టే వచ్చి, తాబేలు తల ముడుచుకున్నట్టు వెనక్కి గుంజుకుని అక్కడే బిగిసింది. బుజం ఇరుక్కుంది. ఆ గుర్తు పేరు వెన్నెలకు తెలుసు. చేయాల్సిన ఉపాయాలు ఎన్నో, ఏ ఉపాయానికి ఏ దొర పేరో, ఏది ముందో ఏది తర్వాతో తెలుసు. చేయకూడని పని ఏదన్న ప్రశ్నకి జవాబు కూడా తెలుసు. కడుపు పైభాగం మీద నొక్కకూడదు. పరీక్షలో ఆ జవాబు సరిగ్గానే గుర్తించింది. ఇప్పుడు ఆమె రెండు చేతులూ లేచి సరిగ్గా అక్కడే పడ్డాయి. బలంగా నొక్కుతున్నాయి. బిడ్డ మొహం నీలమవుతోంది. కనక అరవడం మానేసి వెన్నెల కళ్లలోకి చూసింది.

రాజులమ్మ కూతురి చేతుల మీద ఫట్‌మని కొట్టి పక్కకు నెట్టింది.

"దింపే దీన్ని కిందకి. బేగి."

బేబి టార్చి పడేసి కనక నడుం కింద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఆమెను పరుపు మీదకి దించి, మోకాళ్ల మీద, అరచేతుల మీద నిలబెట్టారు. నడుం ఎముకల మధ్య ఎడం పెరిగింది. రాజులమ్మ చెయ్యి లోపలికి పోయి, బిడ్డ వీపు వెంట జారి, వెనక చేతిని మడిచి బయటికి తెచ్చింది. ఇరుక్కున్న బుజం వదులై బయటికొచ్చింది. ఆ భంగిమ కూడా వెన్నెల చదివిందే. నాలుగు జవాబుల్లో ఎప్పుడూ చివర ఉండేది. తల్లి పరుపు మీద చేయించేది అడవి మనుషులు కనే పద్ధతి అనుకునేది తప్ప, పుస్తకంలో ఉన్నదీ అదేనని ఇంతవరకూ తోచలేదు.

ఆడపిల్ల. నాలుగు కిలోలకి దగ్గర. వీపు రుద్దితే కాసేపటికి గట్టిగా ఏడ్చింది. అప్పటికి ఫణీంద్ర పరీక్ష అయిపోయింది. పురిటి గది బయటే నిలబడి, పాడేరు పంపాలా అని అడిగాడు.

"వొద్దు బాబు. ఉత్తరం సేరిపోయింది," అంది రాజులమ్మ.

సుక్రు లోపలికొచ్చి దండం పెట్టాడు. వరండాలో జనం డాక్టరమ్మ పోసిందట అని చెప్పుకుంటున్నారు. రాజులమ్మ కాదనలేదు. అవుననలేదు. వెనకవైపు నీళ్ల తొట్టి దగ్గర వెన్నెల చేతులు కడుగుతూనే ఉంది. రాజులమ్మ వెళ్లి కుళాయి కట్టేసింది.

"ఎన్ని పురుళ్లు పోసినావే నువ్వు అక్కడ? నిజం సెప్పు."

"లాగ్‌బుక్కులో ఇరవై ఉన్నాయి."

"బుక్కునడగలేదు."

"ఒక్కటీ లేదమ్మా."

ఇరవై సంతకాలూ ఆఖరి వారంలో ఒకే పూటలో పెట్టించుకున్నారట. వెన్నెల ఒక్కతే కాదు, అందరూ. బల్ల దగ్గరికి పీజీ అక్కలు రానిచ్చేవారు కాదట. వాళ్లకే కాన్పులు చాలేవి కావట, నేర్పడానికి తీరిక ఉండేది కాదట. హౌస్ సర్జన్లు రక్తం సీసాలు ల్యాబుకి మోయాలి, కాగితాలు వార్డుకి మోయాలి, మిగిలిన వేళ లైబ్రరీలో కూర్చుని పరీక్షకు చదవాలి. పురిటి గదిలో ఊరికే నిలబడి చూసేవాణ్ని వెర్రివాడన్నట్టు చూసేవారు. నిలబడితే ర్యాంకు పోతుంది. ర్యాంకు పోతే బ్రాంచి పోతుంది. ఏ బ్రాంచి నచ్చుతుందో తెలుసుకోవడానికి ఏడాది ఇచ్చారు, ఆ ఏడాదంతా ఏ బ్రాంచి దొరుకుతుందో లెక్క కట్టడానికి సరిపోయింది. ఇదంతా వెన్నెల తలొంచుకుని చెప్పింది.

రాజులమ్మ విన్నది. పదకొండు మందిని ఏ మాటలతో తిట్టిందో ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అవి ఇన్నాళ్లూ ఎవరికి తగులుతున్నాయో ఇప్పుడు తెలిసింది.

"మరి గైనిక్ పెడతానన్నావేటి?"

"నువ్వు పెట్టమన్నావని."

"పెట్టకు. నా మాట మీద పెట్టొద్దు. ఆ బల్ల కాడ నిన్ను సూసినాను. ఇంకొకరి పిల్లని నీ సేతికిచ్చి నాను ఇంటికి పోయి నిద్రపోలేను."

వెన్నెల కళ్లు నీళ్లతో నిండాయి గానీ మొండి రక్తం, వెనక్కి తగ్గలేదు. "నేర్పితే నేర్చుకునేవాళ్లం," అంది.

"నేర్పుతారని కూసుంటే అయిపోద్దేటి? అడిగి లాక్కోవాల."

"బేబక్క అడగలేదా నిన్ను?"

రాజులమ్మ కట్టేసిన కుళాయినే మళ్లీ బిగించింది.

"ఆరేళ్లయిందమ్మా. ఆవిడ నర్సు చదువు చదివే వచ్చింది. సీసాలు మోస్తోంది, ఫారాలు నింపుతోంది. ఇవాళ ఎప్పుడూ చెయ్యని నాకు గ్లవుజులిచ్చావు, ఆవిడ చేతికి టార్చిచ్చావు. మా పీజీ అక్కలు ఇంతకంటే ఏం చేశారు?"

చేరిన మొదటి ఏడాదే బేబి అడిగింది. "ముందు గది కడగడం నేర్సుకో," అని జవాబు చెప్పడం రాజులమ్మకు జ్ఞాపకమే. తర్వాత ఒకటి రెండుసార్లు అడిగినట్టుంది. ఏ జవాబు చెప్పిందో జ్ఞాపకం లేదు, కానీ ఊహించుకోగలదు. పశ్చాత్తాపపడే స్వభావం కాదామెది. ఆమెకు వచ్చింది కోపం. కాలేజీ మీద, కూతురి మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ మాట నిజమైనందుకు. విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం నాలుగున్నరకి వెన్నెల వరుస నింపింది. మొదట స్కానింగులు చూసే చదువు, తర్వాత చర్మం, తర్వాత మత్తు. గైనిక్ లేదు. తల్లికి చూపించింది. రాజులమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ పేర్లన్నీ చదివింది.

"సీకటి గదిలో కూసుని మనిషి లోపల సూసే కొలువన్నమాట. ముట్టుకోకుండా."

"అవును."

"పోనీ. ఆ పనికైనా తెలిసినోళ్లు కావాల. కానీ మొదటి రోజునుంచీ గదిలో నిలబడు. వెర్రిదన్నా సరే నిలబడు. సంతకాలు పెట్టించుకున్నావని తెలిస్తే నా ఇంటికి రాకు."

అదే ఆమె ఆశీర్వాదం. వెన్నెల బటన్ నొక్కింది.

రాజులమ్మకు మిగిలింది ఏడు వారాలు. సోమవారం పొద్దున్న ఎగువ గూడెం నుంచి ఇంకొక మనిషి వచ్చింది. తొలిచూలు. సన్నటి పిల్ల, పేరు సోంబరి. రాజులమ్మ ఆమెను పరుపు మీద కూర్చోబెట్టి, తాడు చేతికిచ్చి, గ్లవుజుల పెట్టె తీసి బేబి కేసి తోసింది. బేబి అలవాటుగా దాన్ని విప్పి ఆమెకే అందించబోయింది.

"నాకెందుకే? తొడుక్కో."

"నేనా, పెద్దమ్మా?"

"మరి పోస్టుమేన్ బాబా?"

బేబి తొడుక్కుంటుంటే ఒక గ్లవుజు చిరిగింది. రెండోది తీసింది. వెన్నెల తిరిగి వెళ్లిపోయింది, టార్చి ఎవరు పట్టుకోవాలన్నది అప్పుడు తట్టింది. రాజులమ్మ తలుపు తీసి వరండాలోకి చూసింది. ఫణీంద్ర పరీక్ష పాఠాలున్న టాబ్లెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పిలవడం ఆమెకు ఎంత కష్టమో గుమ్మం పట్టుకున్న చెయ్యి చెప్పింది.

"బాబూ, ఈ టార్చి పట్టుకుంటారేటి? అడ్డం రాకుండా నిలబడాల. ప్రశ్నలుంటే తరవాత అడగాల."

అతను నమ్మలేనట్టు చూసి, టాబ్లెట్టు కుర్చీలో పెట్టి, బూట్లు విప్పి లోపలికొచ్చాడు. వెలుతురు మొదట గోడ మీద పడింది. రాజులమ్మ అతని మోచెయ్యి పట్టుకుని కిందికి తిప్పింది.

గంటన్నర పట్టింది. బేబి చేతులు బిడ్డ తలను వదలకుండా పట్టుకున్నాయి. రాజులమ్మ రెండుసార్లు ముందుకు వంగి, రెండుసార్లూ తనను తానే తిట్టుకుని వెనక్కి జరిగింది. మగపిల్లాడు పుట్టి ఏడ్చాడు. సోంబరి తాడు వదిలి వెనక్కి వాలింది. ఫణీంద్ర ఏదో అనబోయి, తరవాత అడగమన్నారు కదా అని ఆగిపోయాడు.

బేబి బిడ్డను తల్లి గుండెల మీద పెట్టి పెద్దమ్మ మొహంలోకి చూసింది, ఏమంటుందో అని. రాజులమ్మ తీరిగ్గా చెప్పింది. బొడ్డు కత్తిరించడానికి బేబి తొందరపడింది. తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. మోకాలు తప్పు వైపు పెట్టింది. ఊపిరి తానే బిగబట్టింది. ఇలా నాలుగు తప్పులు లెక్కపెట్టి, అయిదోది రేపు చెబుతానని, మాయ వచ్చేదాకా అక్కడే కూర్చోమని చెప్పి, తాను టీ తాగడానికి బయటికి వెళ్లింది.